బ్యాట్ పడెయ్యడం రాని పిల్ల

మా చిన్నప్పుడు బ్యాట్ నేలకేసి కొడితే వీపు విమానం మోత మోగేది... కాలు తగిలితే కళ్లకద్దుకోవాలి. ఆట అయ్యాక అమ్మ పాత చీర ముక్కతో తుడిచి అలమర పైన పెట్టాలి. గుంటూరులో మా వీధి క్రికెట్‌లో నేర్చుకున్న మర్యాద అది. పరుగెత్తినా బ్యాట్ చేతిలోనే ఉండాలి.

నాకు పదేళ్లప్పుడు నాన్న ఉద్యోగం మీద అమెరికాలోని నేపర్‌విల్ వచ్చాం. ఏడాది తిరక్కుండానే నన్ను పిల్లల బేస్‌బాల్ టీమ్‌లో చేర్పించారు. అక్కడ బంతిని కొట్టగానే బ్యాట్ కింద పడేసి పరుగెత్తాలి. ఎంత చిన్న పని చెప్పండి... నా చెయ్యి వదిలేది కాదు.

మా టీమ్ మేనేజర్‌ని అందరం కోచ్ అనేవాళ్లం. చెడ్డవాడేం కాదు, ఓపికే నిల్లు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, తొక్కలు ఉమ్ముతూ, నా వంతు రాగానే వాచీ చూసుకునేవాడు. మిగతా పిల్లలకి రెండోసారి చెప్పేవాడు. నాకు మాత్రం ఒక నిట్టూర్పు. అది వినపడితే చాలు, వచ్చిన ఆట కూడా మర్చిపోయేదాన్ని...

ఒక శనివారం బంతి తగిలింది. ఆ సీజన్ మొత్తంలో మొదటిసారి. బ్యాట్‌తో సహా పరుగు లంకించుకున్నాను. "డ్రాప్ ఇట్! డ్రాప్ ద బ్యాట్!" అని కోచ్ కేకలు. బెదిరిపోయి ఆగాను... వంగి, బ్యాట్‌ని మెల్లగా మట్టిలో పడుకోబెట్టాను. ఈలోగా ఔట్. ఛీ... ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, ఎవరి మీదో తెలీదు.

ఆట అయ్యాక కోచ్ నాన్న దగ్గరికొచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఈ అమ్మాయికి ఈ ఆట రాదేమో, మిగిలిన మూడు ఆటలూ బెంచ్ మీద కూర్చోబెడతాను, మీకు ఇష్టమేనా అని నవ్వుతూ, గబగబా అడిగాడు. నాన్న ఒప్పుకోరని ఆయన మొహంలోకే చూస్తున్నాను.

"ఓకే, ఓకే... థాంక్యూ కోచ్" అన్నారు నాన్న, తలూపుతూ.

నాన్న నన్ను వదిలేశారనుకున్నాను. కార్‌లో కూర్చున్నాక తెలిసింది, కోచ్ యాసలో ఆయనకి ఒక్క ముక్కా అర్థం కాలేదని. "విన్నావామ్మా, కోచ్ నిన్ను ఎంత మెచ్చుకున్నాడో" అన్నారు. ఇంటికెళ్లగానే అమ్మకీ చెప్పారు. ఆ సంబరం చూశాక అసలు మాట చెప్పలేకపోయాను.

వచ్చే శనివారం వెళ్తే నేను బెంచ్ మీద కూర్చోవడం చూస్తారు. దేనికి ఓకే అన్నారో తెలిసిపోతుంది. అందుకే ఆట విసుగొచ్చింది, ఇక వెళ్లనన్నాను. ఏడుపు దిగమింగి మరీ అన్నాను.

"మెచ్చుకున్నా నిలబడవేంటే నువ్వు" అన్నారు నాన్న.

కాలేజీలో కోర్సు మారినా అదే మాట. మొదటి ఉద్యోగం మానేసినా అదే మాట. నేను ఎందులోనూ నిలబడనని ఆయనకి ఖాయమైపోయింది... ఒక్కోసారి నాకూ.

ఇప్పుడు కోచ్‌లు అన్నీ ఫోన్‌లో మెసేజ్ పెడుతున్నారు. అర్థం కాకపోతే తెలుగులోకి మార్చుకుని చదువుకోవచ్చు. అప్పట్లో ఆ సౌకర్యం ఉంటే... ఏమో.

మొన్న మా పాప ఆట చూడ్డానికి నాన్న కూడా వచ్చారు. పాప బంతిని కొట్టి, బ్యాట్ అవతల పడేసి పరుగెత్తింది. నాన్న చప్పట్లు కొట్టి, నా వైపు తిరిగి, "నువ్వూ మానకుండా ఉండాల్సింది" అన్నారు.

"ఓకే, ఓకే" అన్నాను.

మీ ఇళ్లల్లోనూ ఇలా మింగేసిన మాటలుంటే ఇక్కడ రాయండి... మా నాన్న ఇవేవీ చదవరు.