సగంలో ఆపిన కెప్టెన్ కథ

కొన్నేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. నా పేరు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఆ అమ్మాయిని గౌరి అని పిలుస్తాను. అది ఆమె పేరు కాదు.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక హైస్కూల్లో నేను పీఈటీని. అక్కడ ఆడపిల్లలతో ఫుట్‌బాల్ జట్టు తయారుచేశాను. గౌరి కెప్టెన్. వాళ్ల నాన్న చేపల వేటకు వెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. ఇసుకలో పరిగెత్తి పెరిగిన పిల్ల, బంతి కాలికి దొరికితే ఇక వదిలేది కాదు.

ప్రాక్టీసు అయ్యాక వాళ్లకు ఒక ఇంగ్లీషు కెప్టెన్ కథ చెప్పేదాన్ని. ఏదో పాత ఆటల పత్రికలో చదివింది. బొగ్గు గని కూలీ కొడుకు. చిన్నప్పుడే క్లబ్బులో చేరి, పెద్ద ఆటగాళ్ల బూట్లు తుడిచి, చివరికి ఆ క్లబ్బుకే కెప్టెన్ అయ్యాడు. ఒక ఫైనల్లో మోకాలు వాచిపోయినా మైదానం వదల్లేదు. కప్పు గెలిపించాడు.

నేను అక్కడే ఆపేసేదాన్ని. పత్రికలో కథ అక్కడ ఆగలేదు. ఆ మ్యాచ్ తర్వాత అతను మళ్లీ ఆడలేదు. వయసులో ఉండగానే కర్ర పట్టుకుని నడిచాడు. పిల్లలకు అదంతా ఎందుకులే అనుకున్నాను. అంతవరకు తప్పు కాదేమో. కాదా?

రాష్ట్రం విడిపోయిన ఏడాది విజయనగరంలో మాకు ఫైనల్ పడింది. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసే సెలెక్టర్లు వచ్చారు. మొదటి సగంలో గౌరి పడిపోయింది. విరామంలో వచ్చి నా పక్కన కూర్చుంది.

"మేడం, మోకాలు నిలబడతం లేదు. ఆ కెప్టెన్‌కి తర్వాత ఏటయినాది? కాలు బాగయినాదా?"

"బాగైంది. ఇంకా చాలా ఏళ్లు ఆడాడు."

"అలగైతే నానూ ఆడతాను."

ఎందుకలా అన్నాను? సెలెక్టర్లు ఆమెను చూడాలనా? ఆమె లేకపోతే ఓడిపోతామనా? ఆమె కోసమే అన్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను గానీ, ఆ క్షణంలో నా కళ్లు ఆమె మోకాలి మీద లేవు, బల్ల మీదున్న కప్పు మీద ఉన్నాయి.

మేం గెలిచాం. నాకు శాలువా కప్పారు. అప్పటికి గౌరిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. లోపల లిగమెంటు తెగిపోయింది, ఇక ఆట వద్దన్నాడు డాక్టరు.

పోయిన నెల చేపల బజారులో కనిపించింది. గోడ పట్టుకుని లేచి, నాకు చేపలు తూచింది. మోకాలు ఎలా ఉందని అడిగాను.

"ఆ కెప్టెన్‌కి బాగయినాది గదా మేడం. నా కాలే గట్టిది కాదు. మా సెల్లికీ ఆయన కతే సెప్తన్నాను."

చెప్పేయాల్సింది. చేపలు తీసుకుని వచ్చేశాను.

ఆ చెల్లెలు ఇప్పుడు నా జట్టులోనే ఉంది. నిన్న మడమ బెణికినా ఆడతానంది. కసిరి ఇంటికి పంపేశాను. ఎందుకు మేడం అని ఏడుస్తూ అడిగింది. రేపు నేను లేనిచోట ఎవరూ కసరకపోతే?

ఆ కెప్టెన్ మోకాలు బాగైందని గౌరికి నేనే చెప్పాను. బాగవలేదని నాకు తెలుసు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టడం ఇదే మొదటిసారి. కాస్త ఊపిరాడుతోంది.