మల్లేశాన్ని ద్రోహి అన్నవారికి

మా మల్లేశం మంగళవారం తెల్లవారకముందే వెళ్లిపోయాడు. ముందురోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగిన మనిషి. ఆ మాట మనసుకు ఎక్కకముందే, విదేశాల్లోని ఉద్యమ సంఘం వారి సంతాప ప్రకటన ఫోనులోకి వచ్చింది: ‘కరీంనగర్ ఉపాధ్యాయుడు, చివరిదాకా మా వెంట నడిచిన యోధుడు.’ మల్లేశం వేములవాడ దగ్గర మరమగ్గాలు నడిపిన కార్మికుడు. బడిలో లెక్కలు చెప్పింది నేను. వెంట నడిచిన సంగతి కూడా సరిదిద్దుతాను. తమ సంచికకు వ్యాసం రాయమని వారే అడిగారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం మా ఊళ్లో వేసిన దీక్షా శిబిరానికి కన్వీనర్ ఆయనే. సంఘం వారు పరాయి రాజధానుల్లో ప్లకార్డులు పట్టుకున్నాక ఢిల్లీ పత్రికలు మా వైపు చూశాయి. కాదనను. అయితే సాయం పెత్తనం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఒకసారి వంటావార్పు చేశాం. రోడ్డు మూసి, అక్కడే వండుకుని తినే నిరసన అది. వీడియోలో పొగ సరిగా పడలేదట, మర్నాడు మళ్లీ వండమని సంఘం పెద్దమనిషి ఒకాయన ఫోను చేశాడు.

“పొగనే గావాల్నంటే పచ్చికట్టెలు కాలవెడ్త బిడ్డా. బియ్యం పొయ్యి మీద పెట్టేది మాత్రం తినేటందుకే” అన్నాడు మల్లేశం. శిబిరమంతా నవ్వింది. ఫోనులోని పెద్దమనిషి నవ్వలేదు.

దీక్షకు తోడు ఊళ్లో పనులన్నీ ఆపేసి చేసిన బంద్ సాగేకొద్దీ మగ్గాలు ఆగి, నేతగాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. మగ్గాలు నడుపుకుంటూనే దీక్ష సాగిద్దామన్నాడు మల్లేశం. సంఘం అధ్యక్షుడు ఫోనులో అందుకున్నాడు.

“ఇప్పుడు మగ్గం తిప్పితే ప్రపంచం ముందు పరువు పోతది కాకా. ఇంకొన్ని దినాలు ఓర్చుకోవాలె.”

“నువ్వు తిన్నవా కొడుకా?”

“ఆఁ, ఇప్పుడే తిన్న.”

“మంచిగ తిను. ఈడ మా పక్కింటి బాలింత గంజి తాగి పండుకున్నది. ఆమెకు నువ్వు ఓర్పు జెప్పకు.”

“గిది ద్రోహం కాకా!”

మర్నాడు మల్లేశం మగ్గం నడిపాడు. పని దిగి నేరుగా శిబిరానికి వచ్చాడు. అప్పటికే ‘ద్రోహి’ అన్న మాట సముద్రాలు దాటి ఊళ్లోని ప్రతి ఫోనుకూ చేరింది. సంఘం అండ పోతుందని భయపడ్డ మా కమిటీ ఆయనను తీసేసింది. వారం తిరక్కుండానే ఊరి మగ్గాలన్నీ నడిచాయి. దీక్షా ఆగలేదు. అయినా ఆ మాటను ఎవరూ వెనక్కు తీసుకోలేదు.

రాష్ట్రం వచ్చింది. వేదిక మీద సంఘం వారికి శాలువాలు కప్పారు. జనంలో నిలబడి మల్లేశం చప్పట్లు కొట్టాడు. “రాష్ట్రం అచ్చింది గద టీచరమ్మా, ఇంకేం ఫికర్?” అన్నాడు నాతో.

ఆయన భార్య లక్ష్మికి ఉంది ఫికర్. ద్రోహి పెండ్లాం అన్న పిలుపు ఆమె వీధిలో ఇంకా వింటోంది. నిన్న సంఘం వారి పూలదండ వచ్చినప్పుడు నాతో అంది: “గా మాట తప్పయిందని వాళ్ల సంచికల అచ్చేయుమను టీచరమ్మా. అటెన్క దండేయుమను.”

పక్కింటి ఆకలి చూసి పదిమందికి ఎదురు నిలిచే మనిషి మాకు మళ్లీ దొరకడు. మల్లేశానికి నా నమస్కారం. అయ్యలారా, మీ దండ గడప బయటే ఉంది.