రాజలింగం సారు కంప్యూటర్ గది

రాజలింగం సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే కార్మికుడి కొడుకు. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి, 1994లో కోరుట్ల బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఒక పాత కంప్యూటర్, ఒక నల్లబల్ల, తొమ్మిది మంది విద్యార్థులు. కరెంటు ఉంటే కంప్యూటర్ మీద పాఠం, పోతే బల్ల మీద.

“దీనికి సొంత తెలివి లేదు. మనం రాసింది వరుసగ చేస్తది, గంతే. ఆఖరి లైనుల ‘మళ్ల మొదటికి పో’ అని రాస్తే తిరుగుతనే ఉంటది. ఎప్పుడు ఆగాల్నో గూడ మనమే చెప్పాలె” అనేవాడు.

ఒకరోజు జగిత్యాల దారిలో పోలీసులు నక్సలైట్ల కోసం బస్సు ఆపి సోదా చేశారు. ఆ తొమ్మిది మందిలో ఒకడు, డిగ్రీ చదివే గోవర్ధన్ సంచిలో రాజలింగం చెప్పిన పాఠాల నోటుబుక్కు దొరికింది. అందులో నంబర్లు, డబ్బాలు, బాణాలు. మరునాడు పొద్దున్నే రాజలింగాన్ని కూడా స్టేషన్‌కు పట్టుకొచ్చారు.

“ఈ బాణాలు అడవిలో ఏ దళానికి దారి చూపిస్తున్నాయిరా?” అన్నాడు ఎస్సై.

“దారి కాదు సార్. లెక్క ఏ వరుసల చెయ్యాల్నో గీసిన బొమ్మ. గదికి రండ్రి, నడిపిచ్చి చూపిస్త.”

వెళ్లారు. కరెంటు లేదు. గంటసేపు చూసినా రాలేదు. ఎస్సై కంప్యూటర్‌ను జీపులో వేయించాడు.

రాజలింగాన్ని ఐదు రోజులకు వదిలారు, గోవర్ధన్‌ను ఇరవై రోజులకు. సరిగ్గా నడవలేకపోతున్న అతనికి రాజలింగం ఎదురెళ్లాడు.

“నా దగ్గరికి రాకుండ్రి సార్” అన్నాడు గోవర్ధన్, మొహం తిప్పుకుని. రెండు నెలల్లో దుబాయి వెళ్లిపోయాడు.

మిగతా పిల్లలను ఇళ్లవాళ్లు మాన్పించారు. వానాకాలమంతా స్టేషన్ వరండాలో తడిసిన కంప్యూటర్ తిరిగొచ్చింది గాని, వెలగలేదు. గది ఖాళీ చేసి రాజలింగం సిరిసిల్లలో సాంచెలు నడిపే పనిలో చేరాడు.

ఏడాది తర్వాత, అతని పాత విద్యార్థిని కమల వెతుక్కుంటూ వచ్చింది. సాంచెల చప్పుడులో గట్టిగా అరుస్తూ కాగితం చాపింది.

“మూడు మార్కుల సగటుకు ప్రోగ్రాం రాసిన సార్. తప్పున్నదా?”

అతను చదివాడు. “బ్రాకెట్ పెట్టలే. గిట్లయితే మూడో మార్కునొక్కదాన్నే మూడుతోని భాగిస్తది. మూడింటిని కలిపి బ్రాకెట్ల పెట్టాలె. దీన్ని యాడ నడిపిస్తవ్ బిడ్డా?”

“యాడ లేదు సార్. కాయితం మీదనే.”

ఇంతలో ఒక సాంచె మీద పోగు తెగింది. రాజలింగం అటు వెళ్లాడు. కమల కాగితం మడుచుకుని బస్సుకు వెళ్లిపోయింది.