మా మామగారి ఓడ పార

మొన్న మనవరాలు ఫోన్‌లో పాత యుద్ధనౌకల బొమ్మలు చూస్తుంటే, కళ్ళజోడు సవరించుకుని నేనూ తొంగి చూశాను. నాలుగు పొగగొట్టాల ఇంగ్లీషు ఓడ. "క్రూయిజర్ అమ్మమ్మా, బొగ్గుతో నడిచేదట" అంది. నాకే చెప్పొచ్చింది! ఆ ఓడో, దాని తోబుట్టువో గానీ, అది ఏ నీళ్ళల్లో తిరిగిందో, దాని బతుకు ఎట్లా తెల్లారిందో, సముద్రం మొహం చూడని నేను కొత్తగూడెం క్వార్టర్సులో కూచుని ఏటేటా విన్నాను.

మా మామగారు బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన తండ్రి పడుచుతనంలో మద్రాసు రేవుకు పోయి, ఆ ఓడ అడుగున బాయిలర్లకు బొగ్గు వేసే పనిలో చేరాడట. తిరిగొచ్చేటప్పుడు ఆయన తెచ్చిన ఆస్తి ఒక్క ఇనప పార. నేను కాపురానికి వచ్చినప్పుడు మామగారు నాకు చూపించింది మా అత్తగారి నగలు కాదు, ఆ పారే. ఓడ కొత్తలో దొరల షోకులు, బంగాళాఖాతంలో జర్మనీ ఓడ కోసం గాలించడం, ఎర్ర సముద్రంలో కాపలా, సిపాయిల్ని బస్రా దాకా దింపి రావడం, అన్నీ వరసగా చెప్పేవారు. జర్మనీ ఓడ వీళ్ళకు చిక్కకుండా తప్పించుకుందని చెప్పేటప్పుడు మాత్రం, తన తండ్రే వదిలేసినట్టు తల దించుకునేవారు. "మా నాయిన దానికి బొగ్గేసిండు, నేను బొగ్గు తవ్విన. దాని ఆకలి నాకెర్క" అనేవారు. చివరి మాట ఎప్పుడూ ఒకటే. "గంత చాకిరి చేసిన ఓడను ఆఖరికి వేలం పాట పెట్టి పాత ఇనుముకు అమ్మిన్రు." అక్కడికొచ్చేసరికి తువ్వాలు కళ్ళ మీదికి పోయేది.

మా చర్చిలో కోత పండుగ నాడు ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. గుమ్మడికాయలు, కోడిపుంజులు, అడవి ఊళ్ళ వాళ్ళయితే తేనె, చింతపండు. ఆరాధన అయ్యాక వేలం పాట. ప్రాణమైన వస్తువేదైనా ఇస్తే, దాని సంగతి మైకులో చెప్పి పాటకు పెట్టాలి, ఇంటివాళ్ళే పాడి మళ్ళీ ఇంటికి తెచ్చుకోవాలి. దేవునికి ఇచ్చినట్టూ ఉంటుంది, వస్తువూ పోదు. మామగారు ఏటా పార పెట్టేవారు, కొడుకులు పాడి తెచ్చేవారు. మధ్యలో ఓడ చరిత్ర మొత్తం. అవతల అన్నాలు చల్లారిపోతున్నా, చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నా, ఆ ఓడ బస్రా చేరందే భోజనాల్లేవు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక కోత పండుగకు మా బావగారు, అంటే మా ఇంటాయన అన్న, ఖమ్మం నుంచి తన కోచింగ్ కాలేజీ స్నేహితుల్ని వెంటపెట్టుకుని వచ్చాడు. ముసలాయన మైకు పట్టుకోగానే ఈయన మొహం మాడిపోయింది. అన్నదమ్ములిద్దరూ బయట కుళాయి దగ్గరికి పోయి ఏదో గుసగుసలాడి వచ్చారు. కథ అయింది, తువ్వాలూ తడిసింది. మా సంఘంలోని తాపీమేస్త్రి మర్యాదకు మొదటి పాట పాడాడు. ఒకటోసారి అన్నారు. కొడుకులు పలకలేదు. "మా పోరగాళ్ళు బెట్టు జేస్తున్రు" అని మామగారు మైకులోనే నవ్వారు, అందరూ నవ్వారు. రెండోసారి అన్నారు. మా ఇంటాయన పైన తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు. లేచి నేనే పాడబోయాను.

"కూసో. మనదే మనం కొనుక్కుంటే దేవునికి ఇచ్చినట్టేంది? పోనియ్యండి" అన్నాడు బావగారు, అందరికీ వినబడేలా. పాస్టరుగారికి అందులో ఏం భక్తి కనబడిందో, హల్లెలూయా అన్నారు. మూడోసారి కొట్టేశారు. పాపం, మేస్త్రికేం తెలుసు, పార భుజాన వేసుకుని పోయాడు. మామగారు మైకు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. ఎవరో వచ్చి ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నారు.

ఇంటికొచ్చాక బావగారు, "తుప్పు పార నాయినా, రేపు కొత్తది కొనిస్త" అన్నాడు. మా ఇంటాయన నవ్వాడు. వీళ్ళ నవ్వులు మండిపోను! మామగారు మాత్రం, "అవ్ బిడ్డా, కొత్తదే మంచిది" అన్నారు. ఆ తర్వాత ఆయన నోట ఓడ మాట రాలేదు. పిల్లలు కథ చెప్పమని ఎగబడితే, "ఏ ఓడ?" అనేవారు.

మరుసటి కోత పండుగకు ఆయన లేరు. సమాధి కట్టే రోజు బావగారు ఫోన్‌లో పాలరాయి బేరమాడుతున్నాడు. పక్కనే మేస్త్రి సిమెంటు కలుపుతున్నాడు, ఆ పారతోనే. పిడి మాత్రం కొత్తది. నేను చూస్తూ నిలబడ్డం చూసి, "మంచి ఇనుమమ్మా, గిప్పుడు గిసొంటిది దొర్కది" అన్నాడు.

అంత పెద్ద ఓడను విరగ్గొట్టడానికి నెలలకు నెలలు పట్టిందని మామగారు చెప్పేవారు. ఆయన్ను విరగ్గొట్టడానికి ఒక్క ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది.