పొగ వాసన మీద ఒక ఫిర్యాదు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను ప్రొహిబిషన్ సబ్ ఇన్‌స్పెక్టరుగా ఆదోనికి వేశారు. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి. సారా కాచినా నేరమే, సీసా దగ్గర పెట్టుకున్నా నేరమే. వంకల వెంట తిరిగి బట్టీలు వెతకడం, ఊట కుండలు పగలగొట్టడం, పంచనామా రాయడం మా దినచర్య. బూట్లకు అంటిన బెల్లపు ఊట వాసనతో ఇంటికి వెళ్తే మా ఆవిడ గడప అవతలే ఆపి నీళ్ళు పోసేది. నేను మాత్రం పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టినవాణ్ణి కాదు. అలాంటి నాకు స్కాచ్ విస్కీకీ ఐరిష్ విస్కీకీ తేడా తేల్చే పని పడింది.

చట్టంలో ఒక సందు ఉండేది. విదేశీయులకు పర్మిట్ ఇచ్చేవారు. పర్మిట్ ఉన్నవాళ్ళు నెలకు ఇన్ని సీసాలని మద్రాసు నుంచి తెప్పించుకోవచ్చు. దారి పొడవునా వాటి వెంట రవాణా పాసు ఉండాలి. సీసాలు దిగాక సీలు చూసి పాసు మీద సంతకం పెట్టే బాధ్యత నాది. నా పరిధిలో అలాంటి పర్మిట్లు రెండే. ఒకటి ఆదోనిలో పత్తి మిల్లు యంత్రాలు చూసే మెక్రే దొరది. ఆయన స్కాట్లండు మనిషి. రెండోది ఎమ్మిగనూరు దగ్గర కాలువ పనుల క్యాంపులో మట్టి తవ్వే యంత్రాలు బాగుచేసే డోలన్ దొరది. ఆయన ఐర్లండు మనిషి. ఎవరి దేశం సరుకు వారు తెప్పించుకునేవారు. ఎవరిది గొప్ప అన్న విషయంలో ఇద్దరికీ క్షణం పడేది కాదు.

ఇద్దరి సీసాలూ ఒకే పెట్టెలో రైల్లో ఆదోనికి వచ్చేవి. మెక్రే దొర వంటమనిషి ఏసోబు పెట్టె విడిపించుకుని, తన దొరవి బంగళాలో పెట్టి, డోలన్ దొరవి బస్సులో ఎమ్మిగనూరుకు చేర్చేవాడు. ఏసోబుది నందవరం పక్క పల్లె. కూలి చేసుకు బతికే కుటుంబం. యుద్ధకాలంలో సికింద్రాబాదులో తెల్ల ఆఫీసర్ల మెస్సులో చేరి వంట నేర్చుకున్నాడు. అవసరానికి మించి మాట్లాడని మనిషి.

వానలు ముదిరాక డోలన్ దొర నుంచి మా ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఒక ఫిర్యాదు అందింది. తన విస్కీలో నాలుగు నెలలుగా పొగ వాసన వస్తోందని దాని సారాంశం. స్కాచ్‌కు వాడే బార్లీని, బురదనేలల్లో కోసి ఎండబెట్టిన ఒక రకం మట్టిని రాజేసి ఆ పొగ మీద ఆరబెడతారట. ఐర్లండులో ఆ పొగ తగలనివ్వకుండా మూడుసార్లు బట్టీ పడతారట. కాబట్టి పొగ వచ్చిందంటే అది స్కాచే. ఏసోబు తన దొరకు మేలైన ఐరిష్ విస్కీ తాగించాలని సీసాలలో సరుకు మారుస్తున్నాడని ఆయన ఆరోపణ.

ఈ సంగతి చెప్పగానే మెక్రే దొర ముఖం మిరపపండులా అయింది. స్కాచ్ ఇంట్లో ఉండగా ఆ కషాయం తానెందుకు తాగుతానని ఆయన అడిగాడు. దొంగతనం గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

మా ఇన్‌స్పెక్టరు మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. పర్మిట్ సరుకును దారిలో ముట్టుకున్నట్టు రుజువైతే ఏసోబు మీద కేసు పెట్టాలి, కేసు నిలబడితే జైలు. వారంలో తేల్చమని నాకు ఉత్తరువు ఇచ్చాడు. మద్రాసులోని రసాయన పరీక్షకులు ఘాటు ఎంతో చెప్పగలరు గానీ, ఏ దేశానిదో చెప్పలేరు. ఇక మిగిలింది నాలుక. పర్మిట్ లేనివాడు రుచి చూస్తే నేరం కనుక, ఆ నాలుకలు కూడా రెండే.

ఒక మధ్యాహ్నం మెక్రే దొర కారులోనే, ఆయన స్కాచ్ సీసాతో, ఏసోబుతో కలిసి ఎమ్మిగనూరు క్యాంపుకు బయలుదేరాను. కారు దిగాక ఏసోబు నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, జైలు సంగతి అట్లుండనీ. దొంగ అని పేరొస్తే ఇంగ యాడ నన్ను వంటింట్లోకి రానిస్తారు?"

నిజం తేలుతుందిలే అన్నాను. ఎలా తేలుతుందో నాకే తెలియదు.

పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఊళ్ళోంచి ఇద్దరు నేతపనివాళ్ళను పిలిపించాను. వాళ్ళలో పెద్దవాడు రంగప్ప. డోలన్ దొర దగ్గర ఆ వారమే నేను సీలు చూసి పాసు మీద సంతకం పెట్టిన సీసా ఉంది. సీలు చెక్కు చెదరలేదు. నా చేత్తోనే తెరిచాను. దుప్పటి చాటున నాలుగు గ్లాసులకు నంబర్లు వేసి, రెండింటిలో స్కాచ్, రెండింటిలో ఐరిష్ పోసి, డోలన్ దొర అలవాటు ప్రకారం క్యాంపు కూజాలోని నీళ్ళు సగానికి కలిపాను.

రంగప్ప తొంగి చూసి, "ఏమప్పా సారూ, అన్నీ ఒకే రంగుండాయి. దీనికింత రభసా?" అన్నాడు.

డోలన్ దొర నాలుగూ రుచి చూసి, నాలుగూ స్కాచే అన్నాడు. మెక్రే దొర కూడా నాలుగూ స్కాచే అన్నాడు. పైగా మూడో గ్లాసు రెండోసారి నోట్లో పోసుకుని, ఈ మధ్యకాలంలో ఇంత మంచి స్కాచ్ తాగలేదని కళ్ళు మూసుకుని మెచ్చుకున్నాడు. మూడో గ్లాసులో నేను పోసింది ఐరిష్.

నేనే చూసి పంపిన సీలు వెనక స్కాచ్ ఎలా వచ్చింది? సీలు తిరిగి అంటించడం వంటవాళ్ళకు చిటికెలో పని అన్నాడు డోలన్ దొర. ఏసోబు వాంగ్మూలం రాసుకోవడానికి కాగితం తీశాను.

"సార్, నేను తాగను. మూసూస్తాను, అంతే" అన్నాడు ఏసోబు.

మూసూడటమంటే వాసన చూడటం. వాసన చూడటం నేరమని చట్టంలో ఎక్కడా లేదు. మనసులో రెండుసార్లు సెక్షన్లు తిరగేసి ఒప్పుకున్నాను. అతని కళ్ళకు తువ్వాలు కట్టి, తెరిచిన రెండు సీసాల మూతులు మార్చి మార్చి ముక్కు దగ్గర పెట్టాను. ఐదుసార్లు పెడితే ఐదుసార్లూ సరిగ్గా చెప్పాడు. "ఇది మా దొరది. ఇది ఈ దొరది. మళ్ళా ఈ దొరదే."

ఇదే రుజువని డోలన్ దొర లేచాడు. తాగి చూడనివాడికి ఇంత తేడా ఎలా తెలుస్తుందని ఆయన వాదన. నిజం చెప్పాలంటే నాకూ అదే తోచింది. అడిగాను.

"మెస్సులో మూడేండ్లు గ్లాసులు కడిగినా సార్. ఏ గ్లాసులో ఏం తాగినారో మూసూసి, మళ్ళా అదే పోయాల. తప్పితే తన్నేవాళ్ళు. ఇంగ తెలీకుండా యాడికి పోతాది?"

అంటూనే తువ్వాలు విప్పి, మూడో గ్లాసు ఎత్తి వాసన చూశాడు. నొసలు ముడిచాడు. నీళ్ళ కూజా ఎత్తి చూశాడు. క్యాంపు వంటపాక వైపు నడిచాడు. మేమంతా వెనకే వెళ్ళాం.

పాకలో మూత లేని పెద్ద గుండిగలో నీళ్ళు కాగుతున్నాయి. కింద వానకు తడిసిన పిడకలు. కళ్ళు తెరవలేనంత పొగ. ఎండాకాలంలో కలరా భయంతో నీళ్ళు కాచి తాగమని క్యాంపులో ఉత్తరువు వచ్చిందనీ, అప్పటినుంచీ ఇలాగే కాస్తున్నాననీ క్యాంపు వంటవాడు చెప్పాడు. లెక్క చూస్తే నాలుగు నెలలు.

"పొగ సీసాలో లేదు దొరా. నీళ్ళలో ఉండాది" అన్నాడు ఏసోబు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. నాలుగు నెలలుగా ఆ నీళ్ళలో పొగ తెలియలేదా అని అడిగితే, టీలో పాలూ చక్కెరా ఉంటాయన్నాడు డోలన్ దొర. ఉత్త నీళ్ళు తాగే అలవాటు తనకు లేదని కాస్త ఆలస్యంగా ఒప్పుకున్నాడు. నీళ్ళు కలపకుండా మళ్ళీ పోశాను. ఒక్క గుక్కకే ఆయన ముఖం విప్పారింది. నాలుగు నెలల తర్వాత సొంత ఊరివాడు ఎదురైనట్టు సీసాను పట్టుకుని నిలబడ్డాడు.

మెక్రే దొర మాత్రం టోపీ పెట్టుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. పిడకల పొగను ఇంతమంది ముందు మెచ్చుకున్నానని ఆయనకు అప్పుడే అర్థమైంది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు డోలన్ దొర చేత రాయించుకున్నాను. ఆయన ఏసోబు చెయ్యి పట్టుకుని క్షమాపణ చెప్పి, ఒక గ్లాసు పోసి ఇవ్వబోయాడు. ఎదురుగా నేను యూనిఫారంలో ఉన్నాను. నోరు తెరిచేలోగా ఏసోబే తల అడ్డంగా ఊపాడు.

"వద్దు దొరా. తాగితే ముక్కు సెడిపోతాది."

పంచనామా మీద వేలిముద్ర వేసి వెళ్తూ రంగప్ప, పిడకల ప్రస్తావన కూడా రాశారా అని అడిగాడు. రాశానన్నాను. అప్పుడు గానీ కదల్లేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రెండు పద్ధతులు పాటించాను. ఫిర్యాదు చేసినవాడి మాట విని ఊరుకోకుండా, జరిగినదంతా మొదటినుంచీ చివరిదాకా నా ముందు చేసి చూపించమనేవాణ్ణి. ఒక మనిషికి ఒక సంగతి బాగా తెలిసినంత మాత్రాన దాన్ని అతని మీద సాక్ష్యంగా రాయలేదు. మొదటిదాని వల్ల నా విచారణలు ఆలస్యమవుతున్నాయని పై అధికారులు రెండుసార్లు మెమో ఇచ్చారు. రెండోదాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.