డాక్టరు రాని ఆదివారం

ఇందులో ప్రతి మాటా నిజం, నా కళ్ళ మీద ఒట్టు. కళ్యాణదుర్గంలో నా మాటల్ని సగం కోసేసి వింటారని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి కోయకండి. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా వీధిలో తిరిగే నాలుగైదింటిని పుట్టించింది నేనే, ఇంక నమ్మేదెట్లా?

నాకు మందుల అంగడి ఉంది. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం కంబదూరు దగ్గర ఒక పల్లెకు పోయి, ఉచిత వైద్యశిబిరంలో బీపీ చూసి మాత్రలు పొట్లం కట్టి ఇస్తాను. డాక్టర్లు వస్తారు, పోతారు. ఆ పల్లెకు ‘మన అన్న’ మాత్రం నేనే. నిరుడు బెంగళూరు నుంచి శ్రీధర్ అనే కుర్ర డాక్టరు వచ్చేదాకా.

ఆయన హస్తవాసి మంచిదని పల్లెంతా పాకింది. నేను కట్టిన పొట్లాన్నే ఆయన కూర్చునే లోపలి గదికి పట్టుకుపోయి, ఆయన చేత్తో మళ్ళీ ఇప్పించుకునేవాళ్ళు. చదువు రానివాళ్ళ కోసం ఆయన పొట్లం మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీసేవాడు. ఒకసారి నేనూ గీశాను. గొర్రెలు మేపే నాగమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేందన్నా, వడ గీసినావు? వడ తిని మాత్ర మింగల్లా?”

వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

తర్వాత ఒక ఆదివారం డాక్టరు రాలేదు. సోమందేపల్లె దగ్గర కారు చెడిపోయిందని ఫోను చేశాడు. లోపల్లోపల పొంగిపోయాను. లోపలి గది తలుపు దగ్గరికి వేసి, దాని ముందే నా స్టూలు వేసుకున్నాను. ఈ పొద్దు డాక్టరు లేడు, అంతా నేనే చూస్తానని చెప్పాను.

నాగమ్మ విననట్టే పొట్లం పట్టుకుని తలుపు తోసుకుని పోయింది. కాసేపటికి బయటికి వచ్చింది.

“ఏమప్పా, లేడంటివే? ఆడనే కూచోనుండాడు. మొగం వాడిపోయిండాది. అన్నం తిన్న్యాడో లేదో అడుగుపో.”

పొట్లం మీద సూర్యుడు, చంద్రుడు ఉన్నారు. వేలితో తడిమితే సిరా నా వేలికి అంటింది. లోపలికి పోయి చూశాను. ఎవరూ లేరు. కిటికీకి ఊచలు, ఇంకో తలుపు లేదు. నాగమ్మ పెన్ను పట్టి ఎరగదు.

ఆ పొద్దు ఇంకో నలుగురు పోయి గీయించుకుని వచ్చారు. చివరికి నేనే ఒక ఖాళీ పొట్లం పట్టుకుని పోయాను. మనిషి లేని కుర్చీ ముందు పొట్లం పెట్టి చాలాసేపు నిలబడ్డాను. నాకేమీ గీయలేదు. భయం వేయలేదు, కడుపు మండింది. ఎదురుగా ఉన్న నన్ను దాటుకుని, లేని మనిషి దగ్గరికి పోయారు కదా.

అది ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. కారు చెడిపోయిందనేది నా కల్పన. ఈ వారం జనం రారు, మీరు రావద్దని ముందురోజు ఆయనకు ఫోను చేసింది నేనే. మరుసటి ఆదివారం ఆయన వచ్చీ రాగానే, “పోయిన వారం ఎవరైనా వచ్చినారా అన్నా?” అని అడిగాడు.

ఎవరూ రాలేదన్నాను.