ఒకటిన్నర పేజీ డైలాగు

మా డ్రామా మేష్టారు సోమవారం పొద్దున బళ్ళారి కంటోన్మెంటులోని తన ఇంట్లో పోయారు. కబురు విని అంగడి మూసి నేను వెళ్ళేసరికే వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. అందులో ఆయన కర్నల్ దుస్తుల్లో, ఛాతీ నిండా పతకాలతో ఉన్నారు. ఆయన కర్నల్ కాదు. సరిహద్దులో యుద్ధం చేసి, కాలికి తూటా తగిలి తిరిగొచ్చిన సిపాయి. ఆ పతకాలు సినిమావాళ్ళ పెట్టెలోవి. ఈ మాట చెప్పకుండా ఆయన గురించి ఇంకే మంచి మాటా చెప్పను.

పోలీసుగా, జైలరుగా, రౌడీ నాయకుడిగా ఆయన్ని తెరమీద చూడనివాళ్ళు లేరు. బళ్ళారి బజారులో నడుస్తుంటే ఆటోలు ఆగేవి. అయినా సాయంత్రమైతే మా నాటకాల రిహార్సలుకు కుంటుకుంటూ వచ్చేవారు. చేతిలో సొట్టలు పడ్డ మిలిటరీ మగ్గు. మొదలుపెట్టే ముందు అందరం అందులో నీళ్ళు ఒక్కో గుక్క తాగాలి. తాగనివాడికి ఆ రోజు వేషం లేదు. ఎందుకని అడిగితే, "గొంతు తడిగా ఉంటే అబద్ధం గూడా సక్కగా వస్తాదప్పా" అని నవ్వేసేవారు.

అసలు కారణం రెండేళ్ళ కిందట దోణిమలై పక్క గుట్టల్లో తెలిసింది. గని యజమాని ఒకాయన సినిమా తీస్తున్నాడు. మేష్టారికి కర్నల్ వేషం. అన్నాళ్ళకు దొరికిన పెద్ద వేషం అదే. తూటా తగిలి చనిపోతూ ఆయన చెప్పాల్సిన ఒకటిన్నర పేజీ డైలాగు రాసింది నేను. బట్టల కొట్టువాణ్ణి, నా మాట తెరమీద వినపడబోతోందని వారం రోజులు నిద్ర పట్టలేదు.

ఆయన ఎర్రమట్టిలో పడుకున్నారు. కెమెరా తిరిగింది. చెయ్యి కొంచెం ఎత్తి, "నీళ్ళు" అన్నారు. అంతే. మళ్ళీ తీశారు. మళ్ళీ అదే మాట.

"ఏంది మేష్ట్రూ, నీళ్ళడిగేకేనా మిమ్మల్ని పిల్చుకొచ్చింది?" యజమాని అరిచాడు.

నేను పక్కన కూర్చుని, "ఒక్కసారి చెప్పేయండి మేష్ట్రూ, నా బతుకు మారతాది" అని బతిమాలాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన లేచి కూర్చున్నారు. "నా ఒళ్ళో ఒగడు సచ్చిపోయినాడప్పా. దేశమూ అనలా, ధర్మమూ అనలా. నీళ్ళడిగినాడు. నా మగ్గులో సుక్క ల్యాకపాయె. వాని నోట్లో ఇన్ని మాటలు యాడ పెడతావు?"

నా కాగితం మడిచి నా జేబులోనే పెట్టారు. "బాగుండాది. బతికుండేవానికి ఇయ్యి."

చొక్కా విప్పి పతకాలతో సహా మడతపెట్టి, యజమాని కుర్చీలో ఉంచి, బనీనుతోనే గుట్ట దిగారు. ఖనిజం లారీలవాళ్ళు గుర్తుపట్టి బండ్లు ఆపారు.

ఆ వేషం ఇంకొకరు వేశారు. నా డైలాగుకు థియేటర్లో ఈలలు పడ్డాయి, నేను మాత్రం తల ఎత్తలేకపోయాను. మేష్టారికి మళ్ళీ ఎవరూ వేషం ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు. గనుల డబ్బుకు ఊరంతా వంగి దండాలు పెడుతున్న రోజుల్లో ఈ కుంటి మనిషి వంగలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆ యజమాని మనుషులే మైకు తెచ్చి నా చేతికిచ్చారు. "ఆ డైలాగు చెప్పప్పా, జనం ఏడుస్తారు" అన్నారు. చెప్పనన్నాను. గట్టిగానే అన్నాను. మైకు పక్కనున్న కుర్చీలో పడేసి, గూట్లో ఉన్న ఆయన మగ్గు నింపుకొచ్చి, ఆ పెదాల మీద కొంచెం పోశాను. మిగిలిన నీళ్ళు నాటకంవాళ్ళం చేతులు మార్చుకుంటూ ఒక్కో గుక్క తాగాం. శవం దగ్గర తాగకూడదని ఎవరో గొణిగారు. తాగాం. కుర్చీలో పడి ఉన్న మైకు గుర్రుమంటూనే ఉంది.